ఇద్దరు సాక్షులు: కణంలో ఒక ఎంజైమును కొలవడం గురించి



మా మాస్టారి పేరిట జరిగే ఈ ధర్మనిధి ఉపన్యాసానికి పిలుపు వచ్చినప్పుడు ఏదైనా పెద్ద అంశం ఎంచుకోమని మిత్రులు సలహా ఇచ్చారు. నేను మాస్టారి దగ్గర చదువుకున్నదాన్ని. ఆయన ముందు పెద్ద మాటలు నిలిచేవి కావు. ఎంత, దేంట్లో ఎంత, ఎట్లా తెలుసు? ఈ మూడింటికీ జవాబు చెప్పాకే తక్కిన కబుర్లు. అందుకని చిన్న అంశమే తెచ్చుకున్నాను. మనిషి కణాల్లో ఉండే ఒకే ఒక్క ఎంజైము, దాన్ని శాండ్‌విచ్ ఇమ్యునోఎస్సే అనే పద్ధతిలో కొలవడం. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం దీనితోనే గడిచింది. ఇది ఆయన వేసే ఇంకొక ప్రశ్నకి కూడా సంబంధించినది. ఏ ఎంజైము ఫలితం తీసుకెళ్లి చూపించినా ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి అడిగేవారు: "అమ్మాయ్, ఇది ఉందని చెబుతున్నావా, పనిచేస్తోందని చెబుతున్నావా?"

ఆ తేడా ఎంత లోతైనదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాన్ని నేర్పిన ఎంజైము పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. పేరు పొడుగు కాబట్టి ఇక మీదట రిడక్టేజ్ అంటాను. ఆ కథలోకి వెళ్లాలంటే ముందు మన భీమవరం మనిషి దగ్గరికి వెళ్లాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టారు. ఆయన మందుల గురించి అందరూ చెబుతారు. కొలతల మనిషిగా ఆయన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. మద్రాసులో వైద్యం చదివి 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దానికి ఒక క్షయకరణిని తగిలిస్తే, ఫాస్ఫేట్ ఉన్నంత మేరకు నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షల్లో ఆ ఇద్దరి పేర్లతో ఆ పద్ధతి నడుస్తూనే ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తరవాతిది. కండరం నుంచి తీసిన రసంలో ఈ పరీక్ష చేస్తే నీలం రావలసిన వేగంతో రాలేదు. ఉత్త ఫాస్ఫేట్ అయితే ఇట్టే వచ్చే రంగు, కండర రసంలో నింపాదిగా, నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ వచ్చింది. తొందరలో ఉన్నవాళ్లు పరీక్ష చెడిందనుకుని పారబోస్తారు. వీళ్లు ఆ ఆలస్యం ఎందుకని వెతికారు. పరీక్షలోని ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ని వదులుతున్న పదార్థం ఏదో అందులో ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. ఆ దారినే 1929లో ఏటీపీ దగ్గరికి చేరారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు.

1940లో సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలనూ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి చూశారు. 1948లో ఆయన ప్రచురించిన లెక్కలో 16 మంది పిల్లలు, వారిలో 10 మందిలో మెరుగు. తాత్కాలికమే, అయినా అంతకు ముందు అదీ లేదు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. 53 ఏళ్లు. అమినాప్టెరిన్‌కి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ మాత్రం ఇవాళ్టికీ మన ఊళ్ల మందుల దుకాణాల్లో ఉంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే బిళ్ల అదే. వారానికి ఒకసారి అన్న మాట మీ ఇళ్లలో ఎవరైనా వాడుతుంటే దయచేసి మళ్లీ ఒకసారి గుర్తుచేయండి. రోజూ వేసుకుంటే అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ మందు కణంలో ఎక్కడ పట్టుకుంటుందో 1958లో తేలింది. రిడక్టేజ్ దగ్గర. డీఎన్ఏ రాతలో ఒక అక్షరం థైమిన్. ఆ అక్షరం తయారైన ప్రతిసారీ కణంలోని ఫోలేట్ ఖాళీ బిందెలా మిగులుతుంది. దాన్ని మళ్లీ నింపి బావి గట్టు మీద పెట్టే పని రిడక్టేజ్‌ది. మెథోట్రెక్సేట్ అసలు ఫోలేట్ లాగే కనిపిస్తూ ఎంజైము గుంటలో కూర్చుని ఇక లేవదు. బిందెలు ఖాళీగా పడి ఉంటాయి, కొత్త డీఎన్ఏ ఆగిపోతుంది, వేగంగా విభజన చెందే కణం చస్తుంది. 187 అమైనో ఆమ్లాల చిన్న ఎంజైము మీద ఇంత భారం.

1960ల మొదట్లో జోసెఫ్ బెర్టినో బృందం గమనించిన సంగతి ఇక్కడే ముడిపడుతుంది. మెథోట్రెక్సేట్ తీసుకున్న రోగుల తెల్లకణాల్లో ఈ ఎంజైము తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. ఎంజైముని చంపే మందు ఇస్తే ఎంజైము పెరగడమేమిటి?

పెరిగిందని తెలియాలంటే కొలవాలి కదా. పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి, పనిని కొలవడం. రిడక్టేజ్ పనిచేసినప్పుడు ఎన్ఏడీపీహెచ్ ఖర్చవుతుంది. అది 340 నానోమీటర్ల దగ్గర వెలుగుని పీల్చుకుంటుంది, ఖర్చయ్యేకొద్దీ ఆ పీల్చడం తగ్గుతుంది. తగ్గే వేగమే ఎంజైము పని. మాస్టారి ప్రయోగశాలలో మేం నేర్చుకున్న మొదటి ఎంజైము కొలతలన్నీ ఈ కోవవే. స్పెక్ట్రోఫోటోమీటర్ ముల్లు కదులుతుంటే చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని అరనిమిషానికి ఒకసారి రాసుకునేవాళ్లం.

ఇబ్బంది ఎక్కడంటే, కణంలో మందు ఉన్నప్పుడు ఈ పద్ధతి మూగబోతుంది. గుంటలో మెథోట్రెక్సేట్ కూర్చుని ఉంటే పని సున్నా. ఎంజైము పదిరెట్లు పెరిగినా, మందు దానికి సరిపడా ఉంటే, ముల్లు కదలదు. బడికి పిల్లలు పదిరెట్లు వచ్చారు, అందరి నోటికీ గుడ్డ కట్టి ఉంది. పాఠం అప్పజెప్పించి లెక్కపెడితే ఎవరూ రాలేదని తేలుతుంది. వాళ్లని లెక్కపెట్టాలంటే హాజరు తీసుకోవాలి, అంటే పనితో నిమిత్తం లేకుండా ప్రోటీన్‌ని ప్రోటీన్‌గా గుర్తుపట్టాలి. రేడియోధార్మిక మెథోట్రెక్సేట్‌ని అంటించి గుంటలు లెక్కపెట్టే దారి ఒకటి ఉంది. రోగి మింగిన మందు అప్పటికే గుంటలో ఉంటే ముందు దాన్ని లేవగొట్టాలి. అది అంత తేలిక కాదు.

అందుకని యాంటీబాడీలు. 1959, 1960 ప్రాంతాల్లో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఇన్సులిన్‌ని యాంటీబాడీతో కొలిచారు. యాలోకి 1977లో నోబెల్ వచ్చేసరికి బెర్సన్ లేరు. వాళ్ల పద్ధతి పోటీ మీద నడిచేది. కొద్ది యాంటీబాడీ పెట్టి, గుర్తు వేసిన ఇన్సులిన్‌నీ గుర్తులేని ఇన్సులిన్‌నీ దాని కోసం పోటీపడనిచ్చేవారు. 1968లో మైల్స్, హేల్స్ ఇద్దరూ దాన్ని తిరగేశారు. గుర్తు పదార్థం మీద కాక యాంటీబాడీ మీద వేశారు. ఆ తరవాత రెండేళ్లకో మూడేళ్లకో ఒకే అణువుని రెండు యాంటీబాడీలు రెండు వైపులా పట్టుకునే ఏర్పాటు కుదిరింది. 1971లో స్టాక్‌హోంలో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ రేడియోధార్మికత అక్కర లేకుండా ఎంజైమునే గుర్తుగా వాడి ఎలైజా అన్నారు. అదే ఏడు నెదర్లాండ్స్‌లో వాన్ వీమెన్, స్కూర్స్ కూడా ఆ పనే చేశారు. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే తీరు యాంటీబాడీని ఎంత కావాలంటే అంత పండించే దారి చూపించారు. ఇవన్నీ కలిస్తే ఇవాళ మన ప్రయోగశాలల్లో ఉన్న 96 గుంటల ప్లేటు.

మాస్టారు దీన్ని చెప్పే తీరు వేరు. రిజిస్ట్రారాఫీసులో దస్తావేజుకి ఇద్దరు సాక్షులు కావాలి గదా అనేవారు. ఒక్క సాక్షి పొరపడొచ్చు. ఈ పద్ధతిలో మొదటి యాంటీబాడీ ప్లేటు అడుగున అంటుకుని కూర్చుంటుంది. తన మనిషి వస్తే చెయ్యి పట్టుకుని ఆపుతుంది. కడిగితే మిగతా జనం వెళ్లిపోతారు. తరవాత రెండో యాంటీబాడీ వచ్చి అదే మనిషిని ఇంకో వైపు నుంచి పట్టుకుంటుంది. దాని నడుముకి రంగు తెచ్చే ఎంజైము కట్టి ఉంటుంది. మళ్లీ కడుగుతాం. ఇద్దరూ ఒకే మనిషిని పట్టుకున్న చోటే రంగు. ఇద్దరూ పట్టుకున్న జాగాలు వేరువేరుగా ఉండాలి, లేకపోతే ఒకరు పట్టుకోగానే రెండోవారికి చోటుండదు. రెండు యాంటీబాడీలను జత కుదర్చడం పెళ్లిసంబంధం కన్నా కష్టమని నా అనుభవం. ఇరవై యాంటీబాడీలు పక్కపక్కన పెట్టి, ప్రతిదాన్నీ ప్రతిదానితో జత కలిపి చూస్తే పనికొచ్చేవి రెండో మూడో జతలు.

రక్తరసంలో కొలవడం ఒక ఎత్తు, కణంలో కొలవడం ఒక ఎత్తు. రక్తరసంలో ఉన్నది అప్పటికే నీళ్లలో కరిగి ఉంది. కణంలోది గోడ బద్దలు కొడితే గాని రాదు. కణాలని చల్లని సెలైన్ బఫర్‌తో రెండుసార్లు కడగాలి, లేకపోతే పెంచడానికి వాడిన దూడ సీరం వెంటబడి వస్తుంది. తరవాత ట్రైటన్ లాంటి మెత్తని డిటర్జెంట్ ఉన్న ద్రావణంలో, ఐసు మీద, చితక్కొట్టాలి. కణం పగలగానే దాని లోపల ఇన్నాళ్లూ బంధించి ఉన్న ప్రోటీయేజులు వదులుతాయి. అవి మన ఎంజైముని కొరికేస్తాయి, వాటికి విరుగుడు ముందే కలిపి పెట్టాలి. ఎస్‌డీఎస్ లాంటి ఘాటు డిటర్జెంట్ వాడితే ప్రోటీన్ అంతా బయటికి వస్తుంది నిజమే, కానీ దాని రూపం విడిపోతుంది, మడతలో ఉన్న ప్రోటీన్‌ని గుర్తుపట్టే యాంటీబాడీకి అది పరాయిదైపోతుంది, ప్లేటు మీద సాక్షుల చేతులూ సడలిపోతాయి. ఎంత మెత్తగా పగలగొట్టాలి, ఎంత పూర్తిగా పగలగొట్టాలి అనే ఈ బేరం ఒక్కో కణానికి ఒక్కో తీరు. పుస్తకంలో ఉన్నది మొదటి రోజుకే పనికొస్తుంది.

ఆ తరవాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైతేట తీసుకుంటే అదే లైసేట్. అందులో మొత్తం ప్రోటీన్ ఎంతో విడిగా కొలవాలి. బ్రాడ్‌ఫోర్డ్ 1976లో ఇచ్చిన రంగు పద్ధతి అందరికీ అలవాటు, కాని డిటర్జెంట్ ఉంటే అది తప్పుతుంది. బీసీఏ పద్ధతి డిటర్జెంట్‌ని ఓర్చుకుంటుంది. ఈ రెండో కొలత లేకుండా మొదటి కొలతకి అర్థం లేదు. మిల్లీలీటరులో ఇన్ని నానోగ్రాములు అంటే ఏమిటి, నేను ఎంత ద్రావణంలో కణాలని ముంచానో అదే కదా! మిల్లీగ్రాము ప్రోటీన్‌కి ఇన్ని నానోగ్రాములు అనాలి, లేదా పది లక్షల కణాలకి ఇన్ని అనాలి. దేంట్లో ఎంత?

ఈ చోట ఒక చిన్న లెక్క చేసి చూపిస్తాను, నాకిది ఎప్పుడు చేసినా ఒళ్లు జలదరిస్తుంది. రిడక్టేజ్ అణుభారం సుమారు 21 వేలు. అంటే ఒక్క నానోగ్రాములో సుమారు 2,800 కోట్ల అణువులు. పది లక్షల కణాల నుంచి ఒక నానోగ్రాము వచ్చిందనుకోండి, ఒక్కో కణానికి సుమారు 28 వేల అణువులు. ప్లేటు గుంటలో కనీకనిపించని ఆ లేత రంగు ఒక్కో కణం గడప లోపలి జనాభా లెక్క.

రంగు అన్నాను. రెండో సాక్షికి కట్టే ఎంజైము సాధారణంగా హార్స్‌ర్యాడిష్ పెరాక్సిడేజ్. మన మునగచెట్టుని ఇంగ్లీషువాళ్లు హార్స్‌ర్యాడిష్ చెట్టు అన్నారు, వేరు ఘాటు ఒకేలా ఉంటుందని. ఈ ఎంజైము మునగది కాదు. యూరప్‌లో పెరిగే, ఆవాల కుటుంబానికి చెందిన ఒక మొక్క వేరులోది. దానికి టీఎంబీ అనే పదార్థాన్ని అందిస్తే నీలం వస్తుంది, గంధకామ్లం చుక్క వేస్తే పసుపై ఆగుతుంది, 450 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ఆ నీలం మొదటిసారి గుంటల్లో పాకుతూ కనిపించినప్పుడు నాకు సుబ్బారావు గారే గుర్తొచ్చారు. ఈ నీలానికీ ఆ నీలానికీ రసాయనంగా చుట్టరికం లేదు. చూసే కన్ను మాత్రం ఒకటే.

ఒకసారి ఆ నీలం అసలు రాలేదు. నేను పరిశోధన మొదలుపెట్టిన రెండో ఏడు. 96 గుంటలూ తేటనీళ్లు. మూడు రోజుల పని. తెలిసినంత స్వచ్ఛమైన ఎంజైము వేసిన స్టాండర్డు గుంటల్లో కూడా రంగు లేదు కాబట్టి లోపం కణాల్లో లేదని మాత్రం తెలుస్తోంది. ఒక్కొక్కటీ మార్చి చూశాను. చివరికి తేలిందేమిటంటే, బూజు పట్టకుండా నా బఫర్‌లో నేనే సోడియం అజైడ్ వేసి ఉంచాను. పెరాక్సిడేజ్‌కి అది విషం. సాక్షులిద్దరూ వచ్చారు, సరిగ్గానే పట్టుకున్నారు, సంతకం పెట్టే కలంలో సిరా ఎండిపోయింది. మాస్టారు కోప్పడలేదు. సీసా మీద అందులో ఏమేం ఉన్నాయో పూర్తిగా రాయించారు. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకు నా ప్రయోగశాలలో పేరు మాత్రమే రాసి ఉన్న సీసా లేదు.

దానికన్నా పెద్ద పాఠం చాలా ఏళ్ల తరవాత వచ్చింది. అప్పటికి నేనే పాఠాలు చెబుతున్నాను. మెథోట్రెక్సేట్‌ని కొద్దికొద్దిగా పెంచుతూ, నెలల తరబడి పెంచిన లుకేమియా కణాలు మా దగ్గర ఉన్నాయి. మందుకి లొంగని కణాలు. వాటిలో రిడక్టేజ్ ఎక్కువగా ఉండాలి. ఒక విద్యార్థిని మధ్యాహ్నం ప్లేటు చదివి వచ్చి నిలబడింది.

"మేడమ్, లొంగని కణాల్లో తక్కువ వచ్చింది. మామూలు కణాల్లోనే ఎక్కువ."

"కణాల ట్యూబులు మారాయేమో చూశావా?"

"చూశాను మేడమ్. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ అంతే."

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నేను అనవలసిన మాట అనలేదు. మళ్లీ జాగ్రత్తగా చెయ్యమన్నాను. అంటే నువ్వే తప్పు చేశావని అన్నట్టే. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది, సమయం కలిసొస్తుందని ఆ వారమే మేం రెండు మెట్లని ఒకటి చేశాం. నమూనానీ రెండో యాంటీబాడీనీ ఒకేసారి పోసి, మధ్యలో కడగడం మానేశాం. పొద్దున్నే వెళ్లి ఆ లైసేట్‌ని పదిరెట్లు, వందరెట్లు, వెయ్యిరెట్లు పలచన చేయించాను. పలచన చేసేకొద్దీ రంగు పెరిగింది. నీళ్లు కలిపితే చిక్కబడుతున్న పాలు!

దీన్ని హుక్ ప్రభావం అంటారు. పట్టుకోవలసిన మనుషులు మరీ ఎక్కువైతే, అడుగున ఉన్న సాక్షులందరి చేతులూ ఒక్కొక్కరితో నిండిపోతాయి. పైనుంచి వచ్చే సాక్షులు ప్లేటు దాకా రాకముందే ద్రావణంలో తేలుతున్న వేరేవాళ్లని పట్టుకుంటారు. ఏ ఒక్కరికీ ఇద్దరు సాక్షులు దొరకరు. కడగగానే పైవాళ్లంతా తమ మనుషులతో సహా కొట్టుకుపోతారు. అతి ఎక్కువ ఉన్నది అతి తక్కువగా కనిపిస్తుంది. మధ్యలో కడిగి ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పేది. మెట్టు తీసేయమన్నది నేను. తప్పు మోసింది ఆ అమ్మాయి. మర్నాడు అందరి ముందు ఆమెకి ఆ మాట చెప్పాను, ఇవాళ మళ్లీ ఇక్కడ చెబుతున్నాను. ఇప్పుడు తెలియని నమూనా ఏది వచ్చినా కనీసం మూడు పలచనల్లో చూడకుండా మా దగ్గర ఎవరూ అంకె రాయరు. పలచన మార్చి, గుణించి చూస్తే అన్ని చోట్లా ఒకే జవాబు రావాలి. స్టాండర్డు గీతకీ నమూనా గీతకీ వంపు ఒకటే ఉండాలి. తెలిసినంత స్వచ్ఛమైన ఎంజైముని లైసేట్‌లో కలిపితే కలిపినంతా తిరిగి కనిపించాలి.

రిడక్టేజ్ విషయంలో ఈ సాక్షులని ఇంకా గట్టిగా నిలదీయాలి. మెథోట్రెక్సేట్ ఎంజైము గుంటలో కూర్చున్నప్పుడు ఎంజైము రూపం కాస్త సర్దుకుంటుంది. మన యాంటీబాడీ పట్టుకునే జాగా ఆ గుంట అంచునే ఉంటే? మందు ఉన్న కణంలో ఎంజైము ఉండి కూడా యాంటీబాడీకి కనిపించదు. అప్పుడు మనం పారిపోయి వచ్చిన పాత ఇబ్బందే, పనికొలత ఇబ్బందే, కొత్త వేషంలో ఎదురవుతుంది. దీనికి చెయ్యవలసిన పరీక్ష తేలిక. స్వచ్ఛమైన ఎంజైముని రెండు భాగాలు చేసి, ఒకదానికి మందు దండిగా కలిపి, రెండింటినీ ప్లేటు మీద పక్కపక్కన చదవాలి. రెండూ ఒకటే చదివితేనే ఆ జత ఈ పనికి పనికొస్తుంది. ఇంత తేలికైన పరీక్షని ఎంతమంది చేయకుండా వదిలేస్తారో చూస్తే నాకు బాధ కలుగుతుంది. పెట్టె మీద రాసి ఉన్న వాక్యం చాలనుకుంటారు. కిట్ తయారుచేసినవాళ్లు మన కణాలని చూడలేదు, మన మందుని చూడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనిషి జన్యువుల్లో రిడక్టేజ్‌కి కవలలాంటి జన్యువు మరొకటి ఉంది. చాలాకాలం దాన్ని పనికిరాని నకలు అనుకున్నారు. 2011లో దాని నుంచీ ప్రోటీన్ వస్తుందని నివేదికలు వచ్చాయి. రెండు ప్రోటీన్ల వరసలూ 90 శాతానికి పైగా ఒకటే. మన సాక్షులు ఏ కవలని పట్టుకున్నారో అడిగి తెలుసుకోవాలి.

ఇన్ని అడ్డంకులు దాటాక చేతికి వచ్చే అంకెని పని అంకె పక్కన పెడితే బెర్టినో చూసిన వింతకి అర్థం దొరుకుతుంది. పెరుగుదలకి దారులు రెండు, రెంటికీ కాలం తేడా. గంటల్లో జరిగేది ఒకటి. 1993లో ఎడ్వర్డ్ చూ, ఆయన సహచరులు చూపించింది: రిడక్టేజ్ ప్రోటీన్ తన సొంత ఎంఆర్‌ఎన్‌ఏని పట్టుకుని, తనని తాను ఎక్కువగా తయారుకాకుండా ఆపుకుంటుంది. ఇంట్లో బియ్యం సరిపడా ఉన్నాయని డబ్బా మూత మీద చెయ్యి వేసి కూర్చున్న ఇల్లాలు. మెథోట్రెక్సేట్ వచ్చి ఎంజైముని పట్టుకోగానే ఆ చెయ్యి మూత మీంచి లేస్తుంది. కొత్త ఎంజైము తయారవుతుంది. పని సున్నాకి దగ్గర్లో ఉండగానే హాజరు పెరిగిపోతుంది. రెండోది నెలల్లో జరిగేది. లొంగని కణాల క్రోమోజోముల మీద వింతగా పొడుగైన ఒకే తీరు చారలు ఉన్నాయని 1976లో జూన్ బీడ్లర్ చూశారు. 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కీ బృందం అలాంటి లొంగని కణాల్లో రిడక్టేజ్ జన్యువే అనేక ప్రతులుగా పెరిగిందని చూపించింది. 

నా విద్యార్థిని ప్లేటు మీద కొట్టుకుపోయినవి ఆ ప్రతులు రాసి పంపిన ఎంజైములే.

హాజరు ఉండి పని లేకపోవడం మందుతోనే జరుగుతుందని అనుకోకండి. పుట్టుకతోనే జరిగే ఇళ్లున్నాయి. పాంపే జబ్బులో పిల్లల కండరాల్లో గ్లైకోజన్‌ని కరిగించే ఎంజైము పనిచేయదు. కొందరిలో ఆ ప్రోటీన్ చెడిపోయినదైనా తయారవుతుంది, కొందరిలో బొత్తిగా తయారే కాదు. పనికొలతలో ఇద్దరికీ దాదాపు ఒకే సున్నా. చికిత్సకని బయటి నుంచి ఎంజైముని ఎక్కించినప్పుడు మాత్రం తేడా భయంకరంగా బయటపడుతుంది. ఎన్నడూ చూడని ప్రోటీన్ కాబట్టి రెండో రకం పిల్లల శరీరం దాన్ని శత్రువుగా తీసుకుని ఎదుర్కొంటుంది. అందుకే చికిత్సకి ముందే యాంటీబాడీతో కణాల్లో వెతికి, ప్రోటీన్ జాడ ఉందో లేదో చూస్తారు. అక్కడ ఎక్కువగా వాడేది ప్లేటు కాదు, బ్లాట్ అనే ఇంకో యాంటీబాడీ పద్ధతి, అయినా అడిగే ప్రశ్న ఇదే. మేనరికాలు మామూలైన మన జిల్లాల్లో ఇలాంటి జబ్బులు తక్కిన చోట్లకన్నా ఎక్కువ కనిపిస్తాయి. ఆ తల్లిదండ్రులకి చెప్పే రిపోర్టులో పని అంకె ఒక్కటే ఉంటే అది సగం కబురు.

ఈ మధ్య కడగడమే అక్కర్లేని పద్ధతులు వచ్చాయి. రెండు యాంటీబాడీలకి రెండు రకాల పూసలు కట్టి, అవి ఒకే అణువు మీద దగ్గరపడినప్పుడు మాత్రమే వెలుగు వచ్చేట్టు చేస్తారు. కణాలని గుంటలోనే పగలగొట్టి అక్కడికక్కడే చదవొచ్చు. వేల మందులని ఒకేసారి పరీక్షించేవాళ్లకి ఇది వరం. కడిగే మెట్టు లేదు కాబట్టి హుక్ ప్రభావం కూడా వాటి వెంటే ఉంటుంది, అది మరిచిపోకపోతే చాలు. వాటి గురించి ఇంతకన్నా చెప్పను. నా చేతులు ప్లేటు కడిగిన చేతులు.

మాస్టారు పోయాక వారి అమ్మాయి గారు ఆయన నోటుపుస్తకాలు కొన్ని నాకు ఇచ్చారు. ఒకదాంట్లో, యాంటీబాడీ పద్ధతులు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లోది, ప్రతి పేజీలో స్కేలుతో రెండు నిలువు గడులు గీసి ఉన్నాయి. పైన ఆయన గుండ్రటి చేతిరాతలో ఒకదానికి "ఉన్నది", రెండోదానికి "చేస్తున్నది" అని రాసుకున్నారు. రెండో గడి నిండా అంకెలు ఉన్నాయి, అరనిమిషానికి ఒకటి. మొదటి గడి చాలా పేజీల్లో ఖాళీ. అప్పటికి దాన్ని నింపే సాధనం ఆయన చేతిలో లేదు. అయినా ఏ పేజీలోనూ గీత గీయడం మానలేదు. ఆ పుస్తకం ఇవాళ తెచ్చాను. గుమ్మం పక్క బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు చూడండి, కాగితాలు పెళుసుగా ఉన్నాయి, మెల్లగా తిప్పండి.